గుడ్లగూబ ఈకలు వాలిన వైపు

లారీ మరిగింది కనుమ ఎక్కేటప్పుడు కాదు. నది పక్కన బల్లపరుపుగా సాగే రోడ్డు మీద, ఎంత ముసలి బండి అయినా తనంతట తాను దొర్లిపోయే చోట మరిగింది. ఇషెన్‌కు అది ఎక్కువ అవమానంగా తోచింది. కొండ మీద మరిగితే కొండను తిట్టుకోవచ్చు. ఇక్కడ తిట్టడానికి తను తప్ప ఎవరూ లేరు.

బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇషెన్ ఇంజను ఆపలేదు. ఆ లోయలో బండి నడిపే ప్రతివాడూ చేసేదే చేశాడు. లారీ ముక్కును సరిగ్గా గాలికి ఎదురుగా తిప్పి నిలబెట్టి, ఇంజన్ను నెమ్మదిగా తిరగనిచ్చాడు. రేడియేటర్లో గాలి దూరితే రెండు నిమిషాల్లో వేడి చూపే ముల్లు దిగాలి. దిగలేదు. ఇంకాస్త పైకి పోయింది.

వెనక దోరోన్ కొత్త లారీ వచ్చి ఆగింది. దోరోన్ ఇషెన్ భార్యకు తమ్ముడు. కిందికి దిగుతూనే చేతిలో టీ కెటిల్ చూపించాడు.

"బావా, ఆకు వేసి తెచ్చాను. నీళ్లు నువ్వు పొయ్యి."

"పోరా."

"మూడోసారి కదా ఇది? మా అక్కకి చెప్తాను, ఇంట్లో పొయ్యి పీకి పారెయ్యమని. టీ నీళ్లు కాచే సమోవార్‌కి చక్రాలు బిగించిన మొగుడుండగా పొయ్యెందుకు?"

"నవ్వు. నీ బండి ఫ్యాక్టరీ వాడు చేశాడు. నువ్వు అందులో కూర్చుంటావు, అంతే."

"కూర్చుంటే చాలదా బావా? అది పోతోంది కదా."

ఇషెన్ బానెట్ మీద చేయి పెట్టి, కాలే వరకు ఉంచి, తీశాడు.

ఆ జిల్ లారీ తండ్రి మొంబెక్‌ది. తండ్రి పోయినప్పుడే దాని పెట్రోలు ఇంజను కూడా మూలపడింది. చలికాలమంతా ఇషెన్ షెడ్డులో ఒంటరిగా ఉండి, రాళ్ల క్వారీలో మూలనపడి ఉన్న గాలి కంప్రెసర్ నుంచి డీజిల్ ఇంజన్ను ఊడదీసి, జిల్ ముక్కులో కూర్చోబెట్టాడు. ఇంజను నిలబడే దిమ్మెలు తనే కోశాడు. గేరుబాక్సుకు, ఇంజనుకు మధ్య పలక తనే చెక్కాడు. అన్నిటికంటే అతను మురిసిపోయింది ఆ ఇంజనుతో వచ్చిన ఫ్యానును చూసి. ఎనిమిది ఇనప రెక్కలు. దాని పక్కన జిల్ పాత ఫ్యాను పిల్లల ఆటవస్తువులా కనిపించింది. పాతదాన్ని గోడకు తగిలించి, కొత్తదానికి ఎర్ర రంగు వేశాడు. ఇంజను తిరుగుతుండగా లారీ ముందు నిలబడితే వెచ్చటి గాలి ఒంటికి తగిలేది. ఎంత బలమైన ఇంజను అనుకునేవాడు. ఎవరూ లేనప్పుడు కాసేపు అలాగే నిలబడేవాడు కూడా.

వేసవి మేతకు సరస్సు దగ్గరికి వెళ్లే రోజు దగ్గరపడింది. వాళ్ల ఇంటి వలస ఎప్పుడూ తండ్రి కట్టిన ఉన్నిగుడారాన్ని ముందు పెట్టుకుని కదిలేది. అమ్మమ్మల కాలంలో ముందు ఒంటె నడిచేది, తర్వాత జిల్ నడిచింది. ఇప్పుడు గుడారం ఏ బండి ఎక్కాలో చెప్పాల్సింది అమ్మ, సైరకాన్. ఆ సాయంత్రం మరిగిన లారీ ఇంటికి చేరగానే ఆమె చెప్పేసింది.

"ఎల్లుండి కదులుతున్నాం. మీ నాన్న గుడారం నీ లారీ మీదే ఎక్కిస్తాను. కానీ నది రోడ్డు మీద ఒక్కసారి ఆవిరి లేచిందా, అక్కడే దింపి దోరోన్ బండిలో వేయిస్తాను. ఊరంతా చూస్తుండగానే వేయిస్తాను. నాకేం సిగ్గు లేదు."

"మరగదమ్మా."

"నీ మాట కాదు, నీ లారీ మాట చెప్పు."

ఇషెన్ షెడ్డులోకి వెళ్లాడు. చూడగలిగినవన్నీ ఇంతకుముందే చూశాడు. థర్మోస్టాట్ తీసి వేడినీళ్ల గిన్నెలో వేశాడు, సరిగ్గానే తెరుచుకుంది. వాటర్ పంపు విప్పాడు. రేడియేటర్ దింపి గొట్టం పెట్టి కడిగాడు. గాస్కెట్ పగిలిందేమోనని నీళ్లలో బుడగల కోసం చెవి ఆనించి విన్నాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. దొరకనప్పుడల్లా అతనికి ఊరట కలగలేదు, భయం పెరిగింది.

చిన్నప్పుడు అతను చేసిన ఏ పనినైనా తండ్రి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా కింద పెట్టేవాడు. ఆ కింద పెట్టిన చప్పుడు ఇషెన్‌కు ఇప్పటికీ వినిపిస్తుంది. లారీ నడుపుతున్నప్పుడు తను ముల్లును ఎన్నడూ తిన్నగా చూడలేదన్న సంగతి ఇప్పుడు గుర్తుకొచ్చింది. కంటి కొసతో చూసేవాడు, మాట్లాడని తండ్రి ముఖం చూసినట్టు. ఇన్ని రోజులూ తను వెతికింది లారీ జబ్బును కాదని, తన తప్పును అని అతనికి అనిపించింది. బిగించిన ప్రతి బోల్టు దగ్గరికీ వెళ్లి, నువ్వేనా, నువ్వేనా అని అడిగాడు. ఎప్పుడు వేడెక్కుతోంది అని ఒక్కసారీ అడగలేదు.

బల్ల మీద కూర్చుని అదొక్కటే ఆలోచించాడు. షెడ్డు ముందు గంటలకొద్దీ నడిపినా వేడెక్కలేదు. కనుమ మీద, బరువుతో, నడిచే గుర్రం కంటే నెమ్మదిగా ఎక్కినప్పుడు కూడా వేడెక్కలేదు. మధ్యాహ్నం పూట ఆ ఎక్కే దారిలో గాలి వెనక నుంచి తోస్తుంది. నది రోడ్డు మీద మాత్రం గాలి ముఖానికి కొడుతుంది, అక్కడే మరిగింది. మరిగాక ముక్కు గాలికి పెడితే ఇంకా మరిగింది.

అన్నీ తలకిందులుగా ఉన్నాయి. లోకంలోని ప్రతి లారీ ఎదురుగాలికి చల్లబడుతుంది. ఇదొక్కటి ఎదురుగాలికి వేడెక్కుతోంది. ఇంతవరకు వచ్చి అతని ఆలోచన ఆగిపోయింది. అయితే ఈసారి ఆగిన చోట భయం లేదు. చీకట్లో గోడకు చేయి తగిలినట్టుంది.

మర్నాడు పొద్దున గాలి కొంచెమైనా లేదు. ఇషెన్ ఇంజను తిప్పి వదిలాడు. అమ్మ గుడ్లగూబ ఈకల గుత్తి తెచ్చింది. ఊయలకు, గుర్రానికి, పెళ్లికూతురి టోపీకి కట్టినట్టే దిష్టి తగలకుండా లారీ ముందు జాలీకి కడుతోంది. కడుతూ విసుక్కుంది.

"ఇవేంట్రా, నిలవడం లేదు? నా ముక్కులోకి వస్తున్నాయి."

"గట్టిగా పట్టుకో."

"పట్టుకునే ఉన్నాను. నీ లారీ ఊదుతోంది నా మీదికి. తుమ్మొస్తోంది!"

ఇషెన్ ఇటు తిరిగి చూశాడు. చెట్ల ఆకులు కదలడం లేదు. పొయ్యి పొగ నిట్టనిలువుగా లేస్తోంది. ఈకలు మాత్రం లారీ లోపలి నుంచి బయటికి, అమ్మ ముఖం వైపు చాచుకుని వణుకుతున్నాయి.

"అమ్మా, చేయి తియ్యి."

"తియ్యమంటే ఎలా? ముడి పడాలి కదా."

"ఒక్కసారి తియ్యమ్మా!"

పాత వార్తాపత్రిక కాగితం తెచ్చి జాలీకి ఆనించాడు. మామూలుగా అయితే ఫ్యాను దాన్ని లోపలికి లాగి జాలీకి అతికించాలి. కాగితం చేతిలోంచి ఎగిరి వెనక్కి వచ్చి అతని ఛాతీకి కొట్టుకుంది.

అతను గట్టిగా నవ్వాడు. అమ్మ భయపడింది.

ఆ ఇంజను పుట్టినప్పటి నుంచి ఒకే చోట నిలబడి పనిచేసింది. క్వారీలో దానికి పోవలసిన దారి లేదు, ముఖానికి కొట్టే గాలి లేదు. అందుకే దాని ఫ్యానును వేడిని ముందుకు ఊది పారేసేలా చేశారు. నిలబడి ఉన్నంతసేపు అది గొప్పగా పనిచేస్తుంది. వెనక గాలి తోస్తే ఇంకా గొప్పగా. ఎదురుగాలిలో లారీ పరుగెత్తిందంటే బయటి గాలి లోపలికి, ఫ్యాను గాలి బయటికి వచ్చి రేడియేటర్ దగ్గర ఒకదాన్నొకటి ఆపేసుకుంటాయి. గాలే కదలదు. తను చలికాలంలో లారీ ముందు నిలబడి ఒళ్లు వెచ్చబరచుకున్నది ఆ గాలితోనే.

ఇంజను మంచిది. అతను కోసిన దిమ్మెలు, చెక్కిన పలక, బిగించిన బోల్టులు అన్నీ మంచివే. ఎర్ర రంగు వేసినదొక్కటే తప్పు.

ఆ రోజంతా పనిచేశాడు. గోడ మీది జిల్ పాత ఫ్యానును దింపి దుమ్ము తుడిచాడు. దాని రంధ్రాలు ఈ ఇంజనుకు కలవలేదు. మధ్యలో ఒక ఇనప బిళ్ల చేసి కలిపాడు. అది చిన్నది కాబట్టి పక్కల నుంచి గాలి జారిపోకుండా రేకు వంచి చుట్టూ గూడు కట్టాడు. ఇంజను తిప్పితే ఈకలు చటుక్కున జాలీకి అతుక్కున్నాయి.

"చూశావా, ఈసారి ముడి గట్టిగా పడింది," అంది అమ్మ.

ఇషెన్ ఇంజను ఆపాడు. షెడ్డు ముందు లారీ ఎప్పుడూ మరగలేదు కాబట్టి ఇది రుజువు కాదు. రుజువు నది రోడ్డు మీదే ఉంది.

వలస కదిలింది. గుడారం అల్లిక కర్రల గోడలు, ఉన్ని పరుపులు, వాటన్నిటి మీద తండ్రి కర్ర వంచి చేసిన పైకప్పు చక్రం ఇషెన్ లారీలో ఎక్కాయి. అమ్మ ముందు సీట్లో, తెల్లటి తలగుడ్డతో, పెళ్లికి వెళ్లేట్టు కూర్చుంది. వెనక దోరోన్, ఆ వెనక మిగతా ఇళ్ల బండ్లు.

నది రోడ్డు మీదికి రాగానే గాలి ముఖానికి కొట్టింది. ఇషెన్ అలవాటుగా కంటి కొసతో చూడబోయి, ఆగి, తిన్నగా ముల్లు వైపు చూశాడు. అది మధ్యలో ఉంది. మూడుసార్లు మరిగిన మలుపు వచ్చింది. ముల్లు మధ్యలోనే ఉంది. ఇంకాస్త తొక్కాడు. గాలి ఇంకా గట్టిగా వచ్చింది. ముల్లు వెంట్రుకవాసి కిందికి దిగింది.

"ఆపు," అంది అమ్మ.

"ఎందుకమ్మా? బాగానే ఉంది."

"ఆపమన్నాను కదా."

ఆపాడు. ముక్కు గాలికే ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది. అమ్మ దిగి, ముందుకు నడిచి, ఈకలను చూసింది. అవి జాలీకి అతుక్కుని, వంగి పడుకున్నాయి. బానెట్ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. ఇషెన్ అద్దం లోంచి ఆ చేతిని చూస్తూ కూర్చున్నాడు. ఎవరైనా తన పనిని చేతిలోకి తీసుకుంటే తర్వాత వినబడే చప్పుడు అతనికి తెలుసు. ఆ చప్పుడు రాలేదు. చెయ్యి అక్కడే ఉంది.

దోరోన్ కెటిల్ ఊపుకుంటూ వచ్చాడు.

"అత్తా, ఆగారంటే మరిగినట్టే కదా? పొయ్యమనండి మా బావని. గుడారం దింపడానికి మనుషుల్ని పిలవనా?"

సైరకాన్ అతని చేతిలోంచి కెటిల్ తీసుకుంది. అందరూ బండ్లు దిగి వస్తున్నారు. ఆమె వాళ్లందరికీ వినబడేలా అంది.

"దోరోన్, నది ఒడ్డున పుల్లలేమైనా ఉన్నాయేమో చూడు నాయనా. టీ కావాలంటే మంట వేసుకోవాలి. మా ఇషెన్ చేసిన బండిలో నీళ్లు మరగవు."

దోరోన్ ఒక్క క్షణం లారీ వైపు, ఒక్క క్షణం బావ వైపు చూశాడు. తర్వాత టోపీ వెనక్కి నెట్టుకుని పుల్లలు ఏరడానికి వెళ్లాడు.

ఇషెన్ ఇంజను ఆపలేదు. టీ తాగినంతసేపూ, వంతెన దాటి కనుమ మొదలయ్యే దాకా, అతను ముల్లు వైపు మళ్లీ చూడలేదు.