నడుమ వదిలిన మూరెడు

ఉప్పల్‌ల స్టేడియం లేచిన ఏడాది, నాచారంల పరంధామయ్య వెల్డింగు షెడ్డుకు ఎన్నడూ రాని పనొకటి వచ్చింది. సముద్రం అడుగున ఆలుగడ్డలంత నల్లరాళ్లు పడుంటయట. వాటిల నికెలు, రాగి. వాటిని గీకి ఎత్తనీకి మంచమంత ఇనుప దువ్వెన కావాలె. దువ్వెన నడుమ మాత్రం మూరెడు జాగల పండ్లు ఉండొద్దు.

నక్షా తెచ్చిన ఇంజనీరమ్మ ఉమ, వెల్డరు శాంతయ్యకు విడమరిచి చెప్పింది.

"ఒక్కో రాయి పెరగనీకి లక్షల ఏండ్లు పడతది అన్నా. ఆ రాళ్లను పట్టుకొని బతికే పురుగులుంటయి. నడిమి పట్టె ముట్టకుంటే, అవి మెల్లగ మళ్ల పక్కకు పాకుతయి. మన తర్వాతోళ్లకు గూడ ఏమన్న మిగలాలె కద."

శాంతయ్యకు ఆ మాట గుచ్చుకున్నది. బడి మాని చెంగిచెర్ల గుట్ట మీద రాళ్లు కొట్టినోడు ఆయన. ఇప్పుడక్కడ గుట్ట లేదు, గుంత ఉన్నది. "గుట్ట ఏడుండె నాయినా?" అని బిడ్డ జెన్నిఫర్ అడిగితే, ఉత్త గాలికి చెయ్యి సూపిండు.

లారీ వచ్చేనాడు పొద్దుగాల్నే పరంధామయ్య దువ్వెన చుట్టు తిరిగిండు.

"నడుమ గూడ పండ్లు పెట్టు శాంతయ్యా. ట్రయల్‌ల రాళ్లు మస్తుగ లేస్తే పెద్ద ఆర్డరు మనకే."

"మేడం వద్దన్నది సార్."

"మేడం చెన్నైల ఉన్నది. సముద్రం అడుగుకు పోయి సూసేదెవడు, నీ అయ్యనా?"

"ఎవడూ అడగకనే గుట్ట పాయె సార్."

"గుట్ట సంగతి చర్చిల చెప్పుకో. మహిపాల్, నువ్వు కూసొని పండ్లు పెట్టు."

మహిపాల్‌కు వెల్డింగు నేర్పింది శాంతయ్యే. వాడు తలెత్తకుండ ముసుగు దించుకున్నడు. మధ్యాహ్నానికి నడుమంత పండ్లు నిండినయి. అతుకుల వంక పెట్టనీకి లేదు. శాంతయ్య టిఫిన్ మూత తీసిండు, పెట్టిండు, మళ్ల తీసిండు. గేటు దాక పోయిండు, తిరిగొచ్చిండు.

మహిపాల్ తప్ప అందరు తిననీకి పోయిన యాళ్ల గ్యాసు కట్టరు అంటించిండు.

"మామా, నౌకరీ పోతది," అన్నడు మహిపాల్.

"జర అవతలికి జరుగు, నిప్పులు పడతయి."

పండ్లు ఒక్కోటి కింద రాలబట్టె. పరంధామయ్య ఉరికొచ్చెటాళ్లకు గేటు కాడ లారీ హారను కొడుతున్నది. సాయంత్రం లోపల బయలెల్లకుంటే ఓడ అందదు. మళ్ల అతుకు పెట్టే టైము లేదు. ఆయన రాలిన ఇనుమును సూసిండు, శాంతయ్యను సూసిండు.

"కోసిన కాడ రంగెయ్యున్రి," అన్నడు పెయింటరుతోని. "నువ్వు మళ్ల ఈ గేటు తొక్కకు."

నడుమ మూరెడు వదిలిన దువ్వెన లారీ ఎక్కింది. శాంతయ్య దాని ఎనకనే నడుసుకుంట ఉప్పల్ చౌరస్తాకు వచ్చిండు. బస్సొచ్చింది, ఎక్కలే. ఇంకోటొచ్చింది, అదీ ఎక్కలే. ఇంట్ల పెండ్లాం లూర్దమ్మకు ఏం చెప్పాలె? రేపు ఏ షెడ్డు ముంగట నిలబడాలె?

సెల్లు మోగింది. మహిపాల్.

"మామా, సార్ ఇంకో దువ్వెన చేస్తడట. దానికి నడిమి పండ్లు మొదట్నే పెట్టమంటుండు. ఏం జెయ్యాలె?"

నాకెందుకు చెప్తున్నవ్‌రా అందామనుకున్నడు శాంతయ్య. లారీ పోయిన దిక్కు సూసిండు. దుమ్ము తప్ప ఏం లేదు.

"మేడం నంబరు చెప్త," అన్నడు. "రాస్కో."