చెరసాల ముందు పరదేశి

గ్రీసు దేశపు పాత ప్రేమకావ్యం ఒకదాన్ని సుధాకరరావు తెలుగు ద్విపదలోకి తెచ్చి నాటకం కట్టాడు. పగలు సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో ఆఫీసు, సాయంత్రాలు రిహార్సళ్ళు. అందులో ఒక రాజుగారి కూతురు, తన కిటికీ కింద పాడే మంత్రికొడుకు మీద మనసు పడుతుంది. రాజు వాణ్ణి దేశం దాటిస్తాడు. వేరే పెళ్ళికి ఒప్పుకోని కూతుర్ని చెరలో వేస్తాడు. ఏళ్ళు గడిచాక ప్రియుడు మొహానికి మసి పూసుకొని, పరదేశిలా వచ్చి, "నువ్వు కోరినవాడు చచ్చిపోయాడు" అని అబద్ధమాడి ఆమె మనసు పరీక్షిస్తాడు.

రాకుమారి వేషం సరయుకు దక్కింది. ఆమె ముత్తాత విశాఖ నుంచి ఓడెక్కి వచ్చి సింగపూర్‌లోనే స్థిరపడ్డవాడు. నాన్నమ్మ ఆండాళమ్మ నోట విన్నదే సరయుకు తెలుగు. పద్యం ఎత్తుకుంటే గొంతు ఖంగుమనేది. కానీ పరీక్ష ఘట్టం దగ్గర మాత్రం ఆమెకు మనసు ఒప్పలేదు.

"అంకుల్, ఈ పిల్ల జైల్లో ఉన్నదే అతని కోసం. ఇంకా టెస్ట్ ఎందుకు లా?" అంది, సింగపూర్ అలవాటు కొద్దీ చివర 'లా' తగిలించి.

"మూలంలో అలాగే ఉందమ్మా. మార్చడానికి మనమెవరం?"

"నాకు ఏడుపు రాదు అంకుల్. కోపం వస్తాది."

ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. సరయు నవ్వలేదు. పుంగ్గోల్‌లోని ఇంటికి చేరగానే నాన్నమ్మకు చెప్పుకుంది.

"మీ తాత ఓడ పనికెళ్ళి ఎన్నో నెలలకి వచ్చాడే. గడ్డం పెరిగిపోయి, చిక్కిపోయి, పోల్చుకోలేనట్టున్నాడు. గుమ్మంలో దగ్గాడు. నేను వెనక్కి తిరక్కుండానే కంచం పెట్టీసాను," అంది ఆండాళమ్మ.

ప్రదర్శన రోజు హాలు నిండింది. ప్రియుడి వేషంలో ఉన్న లోహిత్, క్లెమెంటిలో గది తీసుకొని చదువుకుంటున్న వరంగల్ కుర్రాడు, చావు కబురు పద్యం పాడాడు. సరయు మూర్ఛపోవాలి. పోలేదు. కటకటాల దగ్గరికి నడిచి, చేయి బయటకు చాపి, పైటకొంగుతో అతని చెంప మీది మసి తుడిచింది.

"నువ్వు దగ్గినా నాకు తెలుస్తాది. మసి పూసుకుంటే తెలీదా? ఇన్నేళ్ళు చీకట్లో కూర్చున్నదాన్ని ఇంకేం పరీక్షిస్తావు?"

లోహిత్‌కు తర్వాతి పద్యం ఎగిరిపోయింది. మోకాళ్ళ మీద కూలబడి, "తప్పైంది. మాఫ్ చెయ్యి," అన్నాడు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

తెర పడ్డాక సరయు బెదురుతూ తెరవెనక్కి వెళ్ళింది. సుధాకరరావు రాజుగారి సింహాసనంలో కూర్చొని, వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"సారీ అంకుల్..."

"ఉండు తల్లీ, యతి కుదురుతోంది." కాసేపటికి తలెత్తి రాగం తీశాడు.

"పాటలో నినుఁ జూచి బ్రతికిన దాన
మాటున నినుఁ దాచు మసి యెంత నాకు!"

సరయుకు కళ్ళు చెమర్చాయి. "మూలం మార్చకూడదన్నారుగా?"

"ఆ పిల్ల తరఫున అడిగేవాళ్ళు ఇన్నాళ్ళూ నాకు తగల్లేదమ్మా. రేపటి ఆటలో ఇదే పాడు."

లోహిత్ సగం మసితో పరిగెత్తుకొచ్చాడు. "సార్, మరి నా మాఫీకి పద్యం?"

"దాని జోలికి పోను. అది నువ్వన్నట్టే బాగుంది," అన్నాడు సుధాకరరావు.

సరయు పకపకా నవ్వి, గొంతు సవరించుకొని కొత్త ద్విపద ఎత్తుకుంది.