గొంతు జీరపోయిన దోమ

రోజూ స్కూల్లో మధ్యాహ్న భోజనం వంట ముగిశాక నాగదుర్గ తన వాచిన ఎడమకాలిని సబ్బుతో కడుక్కుంటుంది. మడతల్లో తడి లేకుండా తుడిచి, గట్టు మీద చాపుకుని కూర్చుంటుంది. బోదకాలు వచ్చి చాలా ఏళ్ళయింది. ఏటా ఆశా కార్యకర్త కృపారాణి తెచ్చే బోద బిళ్ళలు ఎదురుగానే మింగి, నాలుక చాపి మరీ చూపిస్తుంది.

ఆ ఊరి దోమలు ఎవరి రక్తం తాగితే వాళ్ళ గొంతుతోనే పాడతాయి, నిద్రపోయే ముందు వాళ్ళన్న చివరి మాటని. మొగుడూపెళ్ళాల తగవులు ఊరికి తెలిసేది అలాగే. మొగుడూపెళ్ళాల తగవులు ఊరికి తెలిసేది అలాగే.

ఈ ఏడు ఇద్దరు బడిపిల్లల రక్తంలో పురుగు కనబడింది. సాయంత్రం వరండాలో స్కూలు కమిటీ కూర్చుంది. చైర్మన్ శ్రీనివాసరాజుగారికి చేపల చెరువులున్నాయి. ఆయన మేడ స్కూలు గోడకి ఆనుకునే ఉంటుంది.

“నీ మంచికే చెబుతున్నాను దుర్గా. రేపట్నించి వంటకి రాకు. ఆ కాలుతో వండితే పిల్లలకి అంటుకోదూ?”

“అన్నంలోంచి అంటదండి. దోమ మోసుకెళ్తే అంటుద్ది.”

“ఆ దోమ నిన్ను కుట్టేగా వెళ్ళేది!”

ఎవరో కిసుక్కుమన్నారు. నాగదుర్గ వంటగది తాళంచెవి కొంగున ముడేసుకుంది.

“అయితే దోమల్నే అడుగుదామండి. ఫ్యానాపండి.”

ఫ్యాను ఆగింది. బెంచీల కింద నక్కిన దోమలు లేచాయి. “రేపు గుడ్ల రోజు, ఉల్లిపాయలు తరుక్కోవాలి,” అంది ఒకటి. నాగదుర్గ గొంతే, కంచు మోగినట్టుంది. వెనకే నాలుగైదు వచ్చాయి, జీరగా.

“ఆ బోద బిళ్ళలు మనకెందుకే, చెరువులో పారెయ్.”

అది రాజుగారి గొంతు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కృపారాణి తలొంచుకుంది. అంతటి మనిషిని నోరు తెరిచి చూపించమనడం బాగోదని, ఏటా ఆయన బిళ్ళలు అరుగు మీద పెట్టి వచ్చేస్తోంది.

“నా కాళ్ళు చూడండి, నున్నగా ఉన్నాయి!” అన్నారు రాజుగారు.

“కాలు వాచకపోయినా రక్తంలో పురుగుంటుందండి,” అంది కృపారాణి మెల్లగా. “అందుకే అందర్నీ మింగమనేది.”

రాజుగారు కృపారాణి దగ్గరున్న బిళ్ళల కోసం చెయ్యి చాపారు.

“ఆగండి. ఖాళీ కడుపున మింగకూడదు.”

నాగదుర్గ కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, పక్కనే ఉన్న తన ఇంట్లోంచి కంచంలో పప్పన్నం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“తినండి. నేనే వండాను.”

అందరూ చూస్తుండగా రాజుగారు తిన్నారు. బిళ్ళలు మింగి, నీళ్ళు తాగి, లేవబోయారు.

“ఏదీ,” అంది నాగదుర్గ, “నాలుక చాపండి.”