అర్హులైన

"ఉప నిబంధన నాలుగు, కామా, ఈ చట్టం అమలులోకి వచ్చిన నాటి నుండి, కామా..." కాపీ చదివే ఆమె గొంతు పాత ఫ్యానులా ఒకే వేగంతో తిరుగుతోంది. ఎదురుగా ప్రూఫులు దిద్దే మనిషి ఎర్ర పెన్సిలు మొనతో వరుస వెంట నడుస్తున్నాడు. శాసనసభ అచ్చు కార్యాలయంలో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే బల్ల, ఇదే కిటికీ. అందరూ ఆయన్ను కామాగారనే పిలుస్తారు. అసలు పేరు ఆయనే అప్పుడప్పుడు గుర్తుచేసుకోవాల్సి వస్తుంది.

మధ్యాహ్నం వేళ అక్షరాలు కాగితం మీంచి కాస్త పైకి లేచి, నీళ్ళలో ఆకుల్లా కదలడం ఆయనకు అలవాటే. ఆ మగతలోనే తప్పులు బాగా దొరుకుతాయి. ఈవేళ మాత్రం అక్షరాల మధ్య అక్క కనబడుతోంది. వారానికి మూడుసార్లు యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవలసిన మనిషి, డబ్బు చాలక ఒక్కసారితో నెట్టుకొస్తోంది. పొద్దున ఉబ్బిన పాదాలు పీట మీద పెట్టుకుని అడిగింది.

"ఒరేయ్, కొత్త చట్టం అందరికీనటగా? నాకూనా?"

"నీకూనే" అన్నాడు.

ముసాయిదాలో నిన్నటిదాకా అలాగే ఉంది మరి. ఆఫీసుకొచ్చాక తెలిసింది: ఏడు నెలలు కొట్లాడుకున్న మూడు పక్షాలూ రాత్రికి రాత్రి ఒక్క మాట దగ్గర రాజీ పడ్డాయి. అందరి పరువూ నిలబడింది. కొండను తవ్వి ఎలుకను పట్టారు, ఆ ఎలుక పేరు 'అర్హులైన'. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే అర్హత లేదు. అక్క ఉండేది తమ్ముడింట్లోనే.

"అర్హులైన ప్రతి ఒక్కరికీ వైద్యం ఉచితం" బల్ల అవతలి నుంచి కాపీ చదివింది ఆమె.

పెన్సిలు ఆగింది. ప్రూఫులో 'ప్రతి ఒక్కరికీ' అని మాత్రమే ఉంది. కంపోజు చేసినవాడు మొదటి మాట మింగేశాడు. సాయంత్రం సంతకమైతే అచ్చయిందే చట్టం. మార్చాలంటే మళ్ళీ సభ, మళ్ళీ ఏడు నెలలు.

ఆమె తొంగి చూసి గొంతు తగ్గించింది. "చూడలేదనుకోండి. నేను చదివాను, మీరు విన్నారు. అంతే."

"కనబడ్డాక కనబడలేదని ఎలా అనుకోనమ్మా?"

ఆయనకు ఏడుపొచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క తప్పూ వదలని చెయ్యి, తనను అడక్కుండానే, 'ప్రతి'కి ముందు చిన్న గుర్తు పెట్టి పక్కన ఎర్రగా 'అర్హులైన' అని రాసింది. దస్తూరీ కూడా ముత్యాల్లా కుదిరింది.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే కామాగారూ" అని ఆమె పేజీ తిప్పింది.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. అక్కతో ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాడు, ఒక్క వాక్యమూ నిలబడలేదు. అక్క కుర్చీలో వెనక్కి వాలి ఉంది. ఎప్పుడో మధ్యాహ్నమే వెళ్ళిపోయినట్టుంది, చేతులు చల్లబడిపోయాయి. "అక్కా" అన్నాడు రెండుసార్లు. ఇక చెప్పాల్సిన పని తప్పిందని ఒక్క క్షణం ఊరట కలిగింది. ఆ ఊరటకు సిగ్గుపడి, ఆమె మోకాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

తలుపు పక్కన, తను దాటుకొచ్చిన చోట, ఒక సంచి ఉంది. ఆసుపత్రికని సర్దుకుంది: రెండు జతల బట్టలు, సబ్బుపెట్టె, దువ్వెన, యంత్రం గదిలో చలిగా ఉంటుందని ఒక దుప్పటి. వారానికి మూడుసార్లు తెరిచి మూయాలి కదా అని, సంచికి జిప్పు కొత్తది వేయించింది.