కింది ఇంటి ఎండ

మా వదిన ఆ నెలలో ఉతికినన్ని దుప్పట్లు పెళ్లయిన దగ్గర్నుంచీ ఉతికి ఉండదు. రాత్రి పరిచిన దుప్పటి, ఒక్క మరకైనా లేనిది, పొద్దున లేచేసరికి బకెట్లో నానుతూ ఉండేది. దాన్ని పిండి బాల్కనీ గ్రిల్లు మీంచి బయటికి వదిలేది. పక్కన ఇంకోటి. రెండూ కింది అంతస్తు బాల్కనీకి తెర కట్టినట్టు వేలాడేవి.

"మనింట్లో ఎవరికైనా గజ్జి పట్టిందా?" అన్నాడు అన్నయ్య టీ తాగుతూ.

"దుమ్ము," అంది వదిన.

"మూడో అంతస్తుకి దుమ్ము నిచ్చెనేసుకుని ఎక్కుతోందా?"

"మీకేం తెలుసు? పొద్దున పోతే రాత్రి వస్తారు."

అన్నయ్య నావైపు చూశాడు. నేను నా గ్లాసులోకి చూశాను. మందుల షాపులో నాది సాయంత్రం డ్యూటీ. పగలంతా ఇంట్లోనే ఉంటాను కాబట్టి దుమ్ము సంగతి నాకు బాగా తెలుసు.

మా కింది ఇంట్లో కండక్టరమ్మ ఉంటుంది. సిటీ బస్సులో కండక్టరు. చీకటితోనే డ్యూటీ ఎక్కి మధ్యాహ్నానికి దిగుతుంది. ఇంట్లో ఒక్కతే. మా బాల్కనీకి ఎండ ఎంత వస్తుందో ఆమెకీ అంతే వస్తుంది. మేము ఆ ఎండలో బట్టలు ఆరేసుకుంటే ఆమె కూరగాయలు పండించేది. పెయింటు డబ్బాలు, నూనె డబ్బాలు, అంచు విరిగిన స్నానాల టబ్బు, ఏది దొరికితే దానికి అడుగున కాల్చిన మేకుతో చిల్లులు పెట్టి ఇటుక ముక్కల మీద నిలబెట్టింది. టమాటా, వంగ, మిరప, గ్రిల్లు నిండా బీన్స్ తీగ. చెట్లకి నీళ్లు పోస్తూ బస్సులో అన్నట్టే అనేది, "జరగండి, జరగండి, వెనకంతా ఖాళీ."

అది విని మొదట్లో వదిన కూడా నవ్వేది.

వదిన ఒక బట్టల కొట్టుకి స్కూలు యూనిఫారాలు కుడుతుంది. బాల్కనీ తలుపు దగ్గర వెలుతురులో మెషిను. బడి నుంచి రాగానే బుడంకాయ ఆ మెషిను పక్కన చతికిలబడేది. బుడంకాయ మా అన్నయ్య కూతురు, రెండో తరగతి. పుట్టినప్పుడు గుప్పెడంతే ఉందని అలా పిలిచారు, ఆ పిలుపే ఉండిపోయింది. బొత్తాలు ఏరుతూ, సూదిలో దారం ఎక్కిస్తూ, బళ్లో ఎవరు ఎవర్ని గిల్లారో మొదట్నుంచి చివరిదాకా చెప్పేది. వదిన మెషిను ఆపకుండానే "ఊఁ, తర్వాత?" అనేది. వదిన ఆ పూట కోసమే పొద్దుటి నుంచీ కుడుతోందేమో అనిపించేది నాకు.

ఒకరోజు కత్తిరించి పెట్టిన చొక్కా చెయ్యి ఒకటి గాలికి ఎగిరి కింది బీన్స్ తీగకి చిక్కుకుంది. తెమ్మని బుడంకాయని వదినే పంపింది. అది తిరిగొచ్చేసరికి మోచేతుల దాకా మట్టి.

"చొక్కా చెయ్యి తేవడానికి ఎంతసేపే?"

"అత్త టమాటా చెట్టుకి పక్క పిలకలు గిల్లుతోందమ్మా. నాక్కూడా నేర్పింది."

"అత్తెవరే? నీ అత్త ఇదిగో, ఇక్కడ కూర్చుంది," అని నన్ను చూపించింది వదిన.

"ఈవిడ మామూలు అత్త. ఆవిడ కండక్టరత్త."

మామూలు అత్తనైపోయినందుకు నాకూ చురుక్కుమంది. కానీ వదిన మొహం చూశాక నా సంగతి మర్చిపోయాను.

మర్నాటి నుంచి బుడంకాయ బడి సంచీ గుమ్మంలో పడేసి కిందికి పరుగు. పైకి వచ్చాక మాటలన్నీ కిందివే. "కండక్టరత్త పాత టిక్కెట్లు చింపి ఎరువులో కలుపుతుంది", "కండక్టరత్త ఈల వేస్తే వంకాయ పూస్తుంది." ఇంట్లో కూరలో టమాటా ముక్క కనిపిస్తే పళ్లెం అంచుకి నెట్టేసే పిల్ల, అక్కడ పచ్చి టమాటాలు చెట్టు మీంచి కోసుకుని తింటోంది. ఆ సంగతి వదినకి కండక్టరమ్మే మెట్ల మీద చెప్పింది, మెచ్చుకోలుగానే.

"నా తోటలో లేని కాయ ఇదొక్కటే టైలరమ్మా. మీ ఇంట్లో కాసింది," అంది.

వదిన నవ్వింది. ఇంట్లోకొచ్చి, కుట్టిన కాలరు విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ వంకర వచ్చింది.

ఆ ఆదివారం వదిన బజారు నుంచి టమాటా మొక్క తెచ్చింది. నిగనిగలాడే కుండీ, మొక్కకి అప్పటికే రెండు ఎర్రటి పళ్లు. బాల్కనీ మధ్యలో పెట్టి బుడంకాయని పిలిచింది. అది చుట్టూ తిరిగి చూసింది.

"కొనుక్కొచ్చావా?"

"ఊఁ. మనదే."

"పళ్లతోనే కొన్నావా?" అంది జాలిగా. కుండీని కాస్త ఎత్తి అడుగు చూసింది. "అమ్మా, దీనికి చిల్లు లేదు."

చిల్లు పెడదామని నేనన్నాను. కొత్త కుండీకి చిల్లేంటని వదిన పట్టుబట్టింది. ప్రేమ కొద్దీ పూటపూటా నీళ్లు పోసింది. వారం తిరక్కుండా ఆకులు పసుపు రంగుకి తిరిగి మొక్క మెడ వాల్చేసింది. దుప్పట్లు మొదలైంది ఆ తర్వాతే.

తడి దుప్పటి బరువుకి నిలువుగా దిగి, కింది బాల్కనీలోకి వచ్చే ఎండకి అడ్డం పడేది. ఎండ తగ్గితే చెట్లు తగ్గుతాయి, చెట్లు తగ్గితే పిల్ల పైకొస్తుంది. వదిన ఇవేవీ పైకి అనలేదు. కానీ మధ్యాహ్నం మెషిను ఆపి, గ్రిల్లు దగ్గర వంగి, దుప్పటి అంచు సర్దే నెపంతో కిందికి చూసేది.

"వదినా, దుప్పట్లు ఎండినట్టున్నాయి," అన్నాను ఒకసారి.

"లోపల తడిగానే ఉన్నాయి."

"దుప్పటికి లోపలెక్కడుంది వదినా?"

"నీ నోట్లోంచి రోజుకొక మాట వస్తుంది, అదీ ఇలాంటిదే," అంది.

పిల్ల మాత్రం పైకి రాలేదు. ఇంకా ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ఇదివరకు నీళ్లు పోసి వచ్చేసేది, ఇప్పుడు దీపాలు పెట్టే వేళ దాకా కిందే. ఎందుకో నాకు అర్థమైంది వీధిలోంచి చూసినప్పుడు. రెండు దుప్పట్ల మధ్య సందులోంచి ఎండ ఒక చారలా పడుతోంది. అది జరిగిన కొద్దీ కండక్టరమ్మ ఒక పక్క, బుడంకాయ ఒక పక్క పట్టుకుని డబ్బాల్ని దాని వెంట ఈడుస్తున్నారు. "జరగండి, జరగండి!" అని ఇద్దరూ ఒకే గొంతుతో అరుస్తున్నారు. ఈ సంగతి వదినకి ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు.

చివరికి కండక్టరమ్మే చెప్పింది. బుడంకాయ ఇంకా బళ్లో ఉండగా, గిన్నె నిండా టమాటాలు పట్టుకుని వచ్చింది. వదిన తలుపు సగమే తెరిచింది.

"దుప్పట్లు ఆరేసుకోవడం కూడా తప్పేనా కండక్టరు గారూ? మా గ్రిల్లు, మా దుప్పట్లు," అంది, ఆమె ఏమీ అడక్కుండానే.

"తప్పని ఎవరన్నారండీ? నిక్షేపంగా వెయ్యండి. మానేస్తారేమోనని చెప్పిపోదామని వచ్చాను."

వదిన తలుపు ఇంకాస్త తెరిచింది.

"నీళ్లు పోయడం ఎంతసేపండీ? మీ బుడంకాయ ఇలా వచ్చి అలా వెళ్లిపోయేది. ఇప్పుడు మీ దుప్పట్ల పుణ్యమా అని సాయంత్రం దాకా డబ్బాలు జరిపే పని. బస్సులో పొద్దుటి నుంచీ అరుపులే అనుకోండి, కానీ ఇంట్లో నాతో మాట్లాడే గొంతు ఒకటి ఉంటే వేరుగా ఉంటుంది."

"చెట్లు పాడైపోవూ?" అంది వదిన. గొంతులో ఆశ దాచుకోలేకపోయింది.

"టమాటాలు కాస్త పొడుగ్గా సాగాయంతే. మిరపకి ఆ నీడ హాయే, అసలు జరపక్కర్లేదు. అయినా జరిపిస్తాను. పిల్లకి చెప్పకండేం." కండక్టరమ్మ గిన్నె వదిన చేతిలో పెట్టింది. "ఒక్కటే బాధ. మీ మెషిను చప్పుడు ఆగితే చాలు, డబ్బా అక్కడే వదిలేసి పైకి చూస్తుంది. 'అమ్మ లేచింది, అమ్మ నీళ్లు తాగుతోంది' అని నాకు వార్తలు. మీ మెషిను మీద నాకెంత ఒళ్లుమంటో మీకు తెలీదు."

ఆమె మెట్లు దిగిపోయింది. వదిన తలుపు వేసి నావైపు తిరిగింది.

"విన్నావా? నా దుప్పట్లతోనే నా పిల్లని కట్టేసుకుంది!"

బాల్కనీలోకి వెళ్లి రెండు దుప్పట్లూ ఒక్క గుంజుకి లోపలికి లాగింది. అవి తగిలి కుట్టి పెట్టిన యూనిఫారాలు కింద పడినా చూసుకోలేదు. మెషిను ఆగినప్పుడు పిల్ల పైకి చూస్తుందన్న మాట ఆమె చెవిన పడిందో లేదో నాకు తెలియలేదు.

మర్నాడు దుప్పట్లు మంచం మీదే ఉన్నాయి. బుడంకాయ బడి నుంచి వచ్చి ఎప్పట్లాగే కిందికి వెళ్లింది, కాసేపటికే తిరిగొచ్చింది.

"అమ్మా, ఇవాళ ఉతకలేదా?"

"దుమ్ము తగ్గింది."

"కింద పనేం లేదు. అన్ని చెట్లకీ ఎండ ఉంది," అని నిట్టూర్చి మెషిను పక్కన కూర్చుంది. బళ్లో ఒక పిల్లాడి పన్ను ఊడి రొట్టెలో ఇరుక్కున్న కథ మొదలుపెట్టింది. వదిన ఒక్కో కుట్టూ ఆగి ఆగి వేసింది, ఆ చొక్కా అయిపోతే కథ కూడా అయిపోతుందన్నట్టు.

అప్పుడు కింది నుంచి ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. "జరగండి, జరగండి." గొంతు మామూలు కంటే పెద్దగానే ఉంది.

బుడంకాయ కథ ఆపేసింది. "కండక్టరత్త ఒక్కతే జరుపుతోందమ్మా. టబ్బు చాలా బరువు."

"అన్నిటికీ ఎండ ఉందన్నావుగా? మరెందుకు జరుపుతుంది?"

"ఏమో. నేను వెళ్లనా?"

వదిన లేచింది. "నువ్వు కూర్చో. ఆ జరిపేదేదో నేను జరిపి వస్తాను," అని మెడలో టేపుతో సహా, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. బుడంకాయకి కింద పని లేకుండా చెయ్యడానికే వెళ్లిందని నాకు తెలుసు. నేను గ్రిల్లు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"ఎండలో ఉన్న టబ్బుని ఎక్కడికి జరుపుతున్నారు కండక్టరు గారూ?" వదిన గొంతు.

"నీడలోకి."

"నీడ ఎక్కడుంది?"

"మీరు తీసేశారుగా!"

తర్వాత నవ్వులు. ముందు ఎవరు నవ్వారో పై నుంచి తెలియలేదు. టబ్బు ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ జరిగింది. "అబ్బా, నడుం!" అంది వదిన. "ఈ పిలక గిల్లెయ్యాలా?" అంది ఆ తర్వాత.

నా పక్కన బుడంకాయ గ్రిల్లు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడింది.

"అత్తా, అమ్మకి పిలకలు గిల్లడం రాదు."

"నేర్చుకుంటుందిలే."

"కండక్టరత్త నేర్పుతోంది."

"నేర్పనీ."

"నా చెట్టు మీదా?" దాని మొహం ఉబ్బిపోయింది. "అమ్మా! పైకి రా!"

"వస్తున్నా!" అంది వదిన. రాలేదు.

బుడంకాయ గిరుక్కున తిరిగి మెషిను దగ్గరికి పరుగెత్తింది. స్టూలు పక్కకి నెట్టి, బల్ల పట్టుకుని, రెండు కాళ్లతో పెడలు మీదికెక్కి తొక్కడం మొదలుపెట్టింది. గుడ్డ ముడుచుకుపోయింది, దారం తెగిపోయింది, చప్పుడు మాత్రం ఇల్లంతా అదిరేలా ఉంది.

కింద నవ్వులు ఆగాయి.

"అదిగో," అంది వదిన, వీధి చివరిదాకా వినపడేలా. "నా కూతురు. నన్నే పిలుస్తోంది."

"అయితే ఆ చెట్టు నాకొదిలేసి వెళ్లండి," అంది కండక్టరమ్మ ముభావంగా.

"ఉండండి," అంది వదిన. "కాసేపు పిలవనివ్వండి."