బాడీ కట్టని లారీ

హనుమయ్యకి పూతలో కాయలు కనిపిస్తాయి. మాఘమాసంలో మామిడితోట చూస్తే మనబోటివాళ్ళకి కనిపించేది గుత్తులు గుత్తులుగా పూత, దాని చుట్టూ ముసిరే ఈగలు. ఆయనకి మాత్రం వేసవిలో వేలాడబోయే రసాలు కళ్ళకి కట్టినట్టు కనపడేవి. ఏ కొమ్మ పిందె నిలుపుకుంటుందో, ఏ కొమ్మ తేనెమంచు పురుగు పట్టి మాడిపోతుందో ముందే చెప్పేవాడు. రెడ్డిగూడెం చుట్టుపక్కల తోటల్ని పూత మీదే బేరమాడి కొని, కాయ దిగాక ఎడ్లబళ్ళ మీద స్టేషనుకి చేర్చి, వ్యాగన్లకెక్కించడం ఆయన వ్యాపారం. లేనిదాన్ని ఉన్నట్టు చూడగలగడం గొప్ప విద్యే, కాదనను. కానీ ఆ విద్య ఉన్నవాణ్ణి పాత లారీల దగ్గరికి ఒంటరిగా పోనివ్వకూడదు.

అరవై ఒకటో, అరవై రెండో, ఆ ఏడు పూత విరగబూసింది. వ్యాగన్ల సంగతి మాట్లాడటానికి హనుమయ్య హనుమాన్ జంక్షన్ వెళ్ళాడు. తిరుగు బస్సు ఎంతకీ రాలేదు. కాస్త నీడ చూసుకుందామని టైర్ల కొట్టు వెనక్కి నడిస్తే, అక్కడ తాటాకుల పాకలో ఒక లారీ ఉంది.

లారీ అనడం మన మర్యాద. యుద్ధం రోజుల నాటి మిలటరీ బండి అది. ముందు చక్రాలున్నాయి, వెనక చక్రాల చోట దుంగలున్నాయి. క్యాబిన్‌కి ఒక తలుపు బిగించి ఉంది, రెండోది గోడకి ఆనించి ఉంది. సరుకు వేసే బాడీ అసలే కట్టలేదు. ఆ చోట ఇనుప పట్టీల మీద ఒక కోడి పడుకుని, వచ్చినాయన వంక విసుగ్గా చూసింది.

బండి కింద నుంచి చిన్నరాయప్ప బయటికొచ్చాడు. మిలటరీలో డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి. వేలంలో తుక్కు కింద పోతున్న బండిని తెచ్చుకుని, ఏళ్ళ తరబడి ఒక్కో ముక్కా పోగుచేసి బిగిస్తున్నాడు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. ఏలూరులో కూతురు తన దగ్గరికొచ్చి ఉండమంటోంది.

"అమ్మేద్దామనుకుంటున్నానండీ," అన్నాడు. "కొనమని కాదు, బస్సొచ్చేదాకా ఎక్కి కూర్చోండి."

హనుమయ్య ఎక్కి కూర్చున్నాడు. రాయప్ప ముందుకెళ్ళి హ్యాండిల్ తిప్పాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారి ఇంజను అందుకుంది. సీటు కింద నుంచి సన్నటి వణుకు బయల్దేరి నడుములోకి, భుజాల్లోకి, స్టీరింగు పట్టుకున్న వేళ్ళలోకి పాకింది. పాక కదల్లేదు, గోడ కదల్లేదు, కోడి మాత్రం లేచిపోయింది. అయినా హనుమయ్య వెళ్ళిపోతున్నాడు. జంక్షన్ దాటింది, బెజవాడ దాటింది, పేరు తెలియని ఊళ్ళు రోడ్డుకి అటూ ఇటూ జరిగిపోతున్నాయి. వెనక గడ్డి పరుపుల మీద ఆయన రసాలు, ఆ వాసన క్యాబిన్ నిండా. తెల్లారేసరికి నాగపూరు. ఆయన భాష కాని భాషలో ఆడవాళ్ళు కాయ చేతిలోకి తీసుకుని, ముచిక దగ్గర వాసన చూసి నవ్వుతున్నారు.

ఆయన కాయలు నాగపూరు చూశాయి, కలకత్తా చూశాయి. ఆయన మాత్రం బెజవాడ దాటలేదు. వ్యాగన్ తలుపు మూశాక తన కాయ ఎవరింట్లో ఏ చేతుల్లోకి వెళ్ళిందో ఎప్పుడూ తెలియలేదు. కూతుళ్ళని అత్తారిళ్ళకి పంపి, మళ్ళీ ఒక్కసారీ చూడటానికి వెళ్ళని తండ్రిలా ఉండేది ఆయనకి. ఆ బెంగ లోపల ఎన్నాళ్ళుగా ఉందో, ఇంజను ఆగాక ఆ నిశ్శబ్దంలో తెలిసింది. బస్సు వచ్చి వెళ్ళిపోయిన సంగతి కూడా ఆయనకి తెలియదు.

కొనాలంటే దారి ఒకటే ఉంది. బుజ్జమ్మ తోటని పూత మీద అమ్మాలి.

బుజ్జమ్మ ఆయన భార్య. పెళ్ళిలో ఆమె తండ్రి పసుపుకుంకుమల కింద ఇచ్చిన తోట అది, ఊరికి ఉత్తరాన, చిన్నరసాల తోట. ఊళ్ళో అందరి పూతా కొనే హనుమయ్య ఆ తోట పూతని ఒక్క ఏడు కూడా అమ్మలేదు. పిందె కట్టినప్పటి నుంచి కాయ దిగేదాకా దానికి కాపలా మొగుడూ పెళ్ళాలే. కూలికి మనుషులు దొరకక కాదు. ఇంట్లో తల్లి, తమ్ముళ్ళు, మరదళ్ళు, పిల్లలు, పాలేర్లు. ఆ ఇంట్లో భార్యతో మాట్లాడాలంటే మజ్జిగ అడిగే మిష కావాలి. అక్కడ కొంగు జారనివ్వకుండా తల దించుకుని తిరిగే బుజ్జమ్మ తోటలో కాపలా పాక ముందు కాళ్ళు చాపుకుని కూర్చునేది. మిట్టమధ్యాహ్నం వడగాలికి ఆకులు గలగలలాడుతుంటే, ఉప్పూకారం అద్దిన కాయముక్క ఆయన నోటికందించి, ఊళ్ళో పెద్దమనుషులందరి నడకలూ నడిచి చూపించేది. హనుమయ్య పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఏడాదికి ఆ రెండు నెలలే వాళ్ళ కాపురం. తక్కిన పది నెలలూ సంసారం.

పూత మీద అమ్మితే ఆ రెండు నెలలుండవు. ఆ ప్రాంతంలో కట్టుబాటు అది. బేరం కుదిరిన తోటలో కాయ దిగేదాకా సొంతదారు అడుగు పెట్టకూడదు, రాలిన పిందె కూడా ముట్టకూడదు. బేరగాడు తోట చూడటానికి వచ్చేసరికే సొంతదారు సామానేదీ లోపల ఉండకూడదు. ఈ కట్టుబాటు దగ్గర హనుమయ్యంత గట్టివాడు లేడు. ఊరగాయకి నాలుగు కాయలు ఏరుకుందామని వచ్చిన ఆసాముల్ని గట్టు మీదే ఆపి, "ఈ రెండు నెలలూ తోట నాదయ్యా," అని చెప్పి పంపించినవాడు.

జంక్షన్ నుంచి వచ్చిన మర్నాడు మజ్జిగ మిషతో బుజ్జమ్మకి లారీ సంగతీ, తోట పూత అమ్మే సంగతీ చెప్పాడు. ఆమె గొడవపడుతుందనుకుని, వాదించడానికి చాలా మాటలు సిద్ధం చేసుకున్నాడు.

"అమ్మండి," అంది బుజ్జమ్మ.

సిద్ధం చేసుకున్న మాటలతో పనే లేకపోయింది. ఆ సంతోషంలో ఆమెకి కూడా లారీ చూపించాలనిపించింది. ఏలూరులో చుట్టాలని చూసొస్తామని ఇంట్లో చెప్పి, దారిలో జంక్షన్‌లో దించాడు.

బుజ్జమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు లేని వైపు నుంచి ఎక్కి కూర్చుంది. రాయప్ప మళ్ళీ హ్యాండిల్ తిప్పి ఇంజను అందించాడు. పక్కన హనుమయ్య స్టీరింగు పట్టుకుని నాగపూరు దారంతా చెప్పాడు. బాడీకి ఏ రంగు వేయించేదీ, ముందు ఏ పేరు రాయించేదీ చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది.

"ఈ సీట్లో ఎవరు కూర్చుంటారు?" అని అడిగింది.

"క్లీనరు."

"ఓహో."

"లారీల్లో ఆడవాళ్ళు తిరగరు బుజ్జీ. ఊరు మీద ఊరు, సత్రాల్లో తిండి. నువ్వెక్కడ పడతావు?"

"అదీ నిజమే," అంది. కొంగుతో సీటు మీది దుమ్ము శుభ్రంగా తుడిచి దిగింది. రాయప్పతో, "బండి బాగుంది బాబూ, చేతులు జాగ్రత్త," అంది. హనుమయ్యకి ఆ మాటలో మెచ్చుకోలు ఒక్కటే వినిపించింది. పూతలో కాయలు కనిపించే మనిషికి పక్క సీట్లో పెళ్ళాం కనిపించలేదు. ఏం చెప్తాం.

ఇంటికొచ్చి నూజివీడు వర్తకుడు వీరరాఘవయ్యకి కబురు పెట్టాడు. తోట చూడటానికి బుధవారం వస్తానన్నాడాయన. ఆ నాలుగు రోజులూ హనుమయ్య నేలమీద నడవలేదు. అన్నం కలుపుతూ గేర్లు మార్చాడు. పాలేరు సాంబయ్య ఏదో అడిగితే, "నాగపూరు వెళ్ళొచ్చాక చూద్దాం," అన్నాడు. సాంబయ్య అడిగింది ఎడ్లకి తవుడు గురించి.

మంగళవారం సాయంత్రం, పూత ఎలా ఉందో బేరగాడి కన్నుతో ఒకసారి చూసుకుందామని తోటకి వెళ్ళాడు. పూత బ్రహ్మాండంగా ఉంది. తేనెవాసన మత్తుగా పట్టేస్తోంది. ఎండ పసుపుపచ్చగా కొమ్మల్లోంచి దిగి పాక మీద పడుతోంది. పాక తలుపు తీసి ఉంది.

లోపల ఏమీ లేదు. ఏడాదంతా అక్కడే ఉండే నులకమంచం లేదు, కుండలు లేవు, చూరులో దోపుకునే ఆమె దువ్వెన లేదు. పాక ముందు పొయ్యిరాళ్ళు కూడా తీసేసి, ఆ చోట చక్కగా ఊడ్చి, కళ్ళాపి చల్లి ఉంది. రాళ్ళున్న మేరకి నేల మాత్రం ఇంకా నల్లగానే ఉంది. బేరగాడు వచ్చేసరికి సొంతదారు సామాను ఉండకూడదు కదా. కట్టుబాటు ఆయన చెప్పకుండానే ఆమె పాటించింది. ఒక్కతే ఎన్నిసార్లు తిరిగి మోసుకెళ్ళిందో.

హనుమయ్య ఆ నల్లటి చోటు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నాగపూరుని తలుచుకుందామని చూశాడు. వచ్చింది కూడా, అంతే అందంగా వచ్చింది. ఆ అందమే ఆయన్ని భయపెట్టింది. ఆ నాగపూరు దారి ఈ పొయ్యి మీంచే వెళ్తోంది.

ఇంటికొచ్చేసరికి పెరట్లో గోడవార మంచం నిలబెట్టి ఉంది. తల్లి రమణమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. మరదలు విజయరాణి బావి దగ్గరుంది. బుజ్జమ్మ పశువులకి కుడితి పెడుతోంది. హనుమయ్య తిన్నగా వెళ్ళి మంచం వంచి నెత్తి మీదకి ఎత్తుకున్నాడు.

"ఎక్కడికిరా?" అంది తల్లి.

"తోటకి. తోట అమ్మట్లేదు. రేపు వీరరాఘవయ్యకి చెప్పేస్తాను, రాయప్పకీ చెప్పేస్తాను."

బుజ్జమ్మ కుడితి చేతులతోనే ఎదురొచ్చింది. గొంతు తగ్గించి, "నా కోసమైతే వద్దండి," అంది. "తర్వాత ఎప్పుడో నన్ను చూసి ఆ లారీ గుర్తుచేసుకుంటారు. అది నేను పడలేను."

మజ్జిగ మిష వెతుక్కోవడానికి ఆయనకి ఓపిక లేకపోయింది.

"నీ కోసం కాదు," అన్నాడు, అందరికీ వినపడేలా. "ఆ రెండు నెలలు నాక్కావాలి. నీతో."

రమణమ్మ చేట దించింది. బావి దగ్గర చేద చప్పుడు లేదు. ఆ ఇంట్లో ఏ మగవాడూ ఆ మాట పైకి అనగా ఎవరూ వినలేదు. బుజ్జమ్మ మొహం ఎటు తిప్పుకోవాలో తెలియక గేదె వైపు తిప్పుకుంది. తర్వాత చేతులు కడుక్కుని, కుండా చెంబూ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆయన వెనకాలే బయల్దేరింది.

ఊరు దాటాక డొంకదారిలో మంచం కొంచెం కొంచెం కదలడం మొదలుపెట్టింది. బుజ్జమ్మ అడుగులు పెద్దవి చేసి పక్కకొచ్చింది. నులక కింద మొహం సరిగ్గా కనపడలేదు గానీ ముక్కు ఎగబీల్చడం వినపడింది.

"ఏడుస్తున్నారా?"

"లారీ కోసం."

"చాలా బాగుంది ఆ లారీ."

"చాలా బాగుంది బుజ్జీ. ఇంజను ఎలా అందుకుందో విన్నావుగా."

"విన్నాను. ఏడవండి," అంది. "తోట దాకా ఏడవండి. దారిలో ఎవరూ లేరు."

ఆయన ఏడుస్తూ నడిచాడు. ఆమె చెంబు కుండలో వేసి, కుండ చంకలో ఇరికించుకుని, మంచం ఒక కోడు పట్టుకుని కొంత బరువు తన మీదకి తీసుకుంది.