మింగని బిళ్ళ

నేను ఒక బిళ్ళల అట్టను. పది గుంటలు, పది బిళ్ళలు, వెనక వెండిరంగు రేకు. నాలోని మందు ఏదో చలిదేశపు పూలమొక్క ఆకులోంచి తీసింది. గతి తప్పి పరుగెత్తే గుండెను నెమ్మదిగా నడిపిస్తుంది. మోతాదు దాటితే ఆ గుండెనే ఆపేస్తుంది.

ఫ్యాక్టరీ నుంచి మందుల షాపుకి, అక్కడి నుంచి ఒక బుధవారం చెంచురామమ్మ చేతిసంచిలోకి వచ్చాను. రోజుకొకటి, శని ఆదివారాలు వద్దు అని డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో మందు పేరుకోకుండా ఆ విరామం. ఎందుకని చెంచురామమ్మ అడగలేదు.

గురువారం ఒకటి, శుక్రవారం ఒకటి మింగింది. శని, ఆది ఆగింది. మర్నాడు కార్తీక సోమవారం. చుక్క పొడిచేదాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆ తర్వాత నేను గుర్తుకే రాలేదు.

మంగళవారం నన్ను చేతిలోకి తీసుకుని, "మూడు రోజులు నాగా పెట్టానే, మందు పనిజేస్తదా?" అంది కోడలు కోటేశ్వరితో. మొక్కు తప్పితే రెట్టింపు చెల్లించే మనిషి. ఆ మూడూ, ఆనాటిదీ కలిపి నాలుగూ ఒక్కసారే మింగింది. వద్దనడానికి నాకు నోరు లేదు.

బుధవారం తెల్లారేసరికి వాంతులు. కంచం ముందు పెడితే కసురుకుంది.

"పెరుగన్నంలో పసుపేశావేందే?"

"పసుపెక్కడిది అత్తా? నీ కళ్ళకేమొచ్చింది?"

"నా కళ్ళకేం, నీ చెయ్యే అంత. ఆ అట్ట ఇటియ్యి. ఇయ్యాల్టి బిళ్ళ వేసుకుంటే అదే సర్దుకుంటది."

బొటనవేలితో నొక్కింది. రేకు చిట్లి బిళ్ళ సగం బయటికొచ్చింది. అప్పుడే బీపీ చూడటానికి వచ్చిన ఆశా కార్యకర్త దీనమ్మ ఆ చెయ్యి పట్టుకుని నాడి చూసింది.

"నలభయ్యే కొట్టుకుంటంది! అది మింగబాక పెద్దమ్మా. కోటేశ్వరీ, ఆటో పిలువు. ఈ అట్ట కూడా పట్రా."

ఆసుపత్రిలో నన్ను వెలుతురుకెత్తి ఖాళీ గుంటలు చూశారు. ఎన్ని మింగిందో నేనే చెప్పాను. మూడు రోజులు ఆమె గుండె యంత్రం మీద గీతలై నడిచింది. ఒక్కోసారి గీత అలా సాగిపోతుంటే తర్వాతి దెబ్బ కోసం కోటేశ్వరి ఊపిరి బిగబట్టేది. నాలుగోరోజు గండం గడిచింది.

"ఒకరోజు మరిచిపోతే వదిలెయ్, మర్నాడు ఒక్కటే" అంది డాక్టరమ్మ. "ఉపవాసమైనా గుక్కెడు నీళ్ళతో వేసుకో. వాంతులైనా, చూపు మారినా వెంటనే రా."

"నీళ్ళు తాగితే శివుడేమీ అనుకోడు గదా?"

"నువ్వుంటేనేగా అత్తా, ఆయనకి దీపం పెట్టేది" అని కోటేశ్వరి కళ్ళు తుడుచుకుంది.

తక్కువ మోతాదు బిళ్ళలు వేరే రాసిచ్చి, నన్ను చెత్తడబ్బాలో వేశారు. నాలో నాలుగు బిళ్ళలు మిగిలాయి. చిట్లిన రేకులోంచి ఒకటి ఇంకా సగం బయటికి చూస్తోంది. గుండెను కాపాడాలని పుట్టింది అది. ఎవరూ మింగకుండానే కాపాడింది.